బొట్టు లేని డబ్బా

బర్రెకు అంత జ్ఞాపకం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకాస్త జాగ్రత్తపడేదాన్ని. చూశారా, ఇప్పటికీ నా నోటికి ముందు వచ్చేది జాగ్రత్త అనే మాటే. సిగ్గు కాస్త ఆలస్యంగా వస్తుంది, వచ్చాక మాత్రం తొందరగా పోదు.

మాది చందూర్ దగ్గర ఒక ఊరు. నేను నిజామాబాదులో, కంఠేశ్వర్ దిక్కున ఒక డాక్టరమ్మ దగ్గర ఆయాగా పనిచేస్తాను. పొద్దున్నే ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ మీద బస్సెక్కుతాను, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాను. మా ఆయన వరికోత మిషన్ నడుపుతాడు, కోతల కాలంలో ఇంటి మొహం చూడడు. మేము తాతల నాటి నుంచి మెథడిస్టు క్రైస్తవులం. ఆదివారం ప్రార్థనకు మా గుడికి పోకుండా ఉండటం నాకు తెలిసినంతలో మా ఇంట్లో లేదు.

పక్కిల్లు అక్కది. వరసకు ఏమీ కాదు, కులమూ మతమూ వేరు. నేను కొత్త కోడలిగా వచ్చేనాటికే ఆమె ఆ ఇంటికి పాత కోడలు, అందుకని అక్క. వాళ్లకు భూమి ఉంది. మా అత్తమామలు ఒకప్పుడు వాళ్ల చెరుకు తోటల్లో కూలికి పోయినవాళ్లే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా దిక్కున చెరుకు పలచబడి వరీ పసుపూ వచ్చాయి గానీ, అక్క మాత్రం బోరు పక్కన కొంచెం చెరుకు ఇంటి బెల్లానికని ఇప్పటికీ ఉంచుకుంది. ఆ బెల్లం నల్లగా ఉంటుంది, అంగట్లో బెల్లంలా మెరవదు. పండుగనాడు ఆమె పొయ్యి మీద అది కరుగుతుంటే వాసన మా వంటింట్లోకి వస్తుంది.

మేమిద్దరం కొట్లాడుకోని నెల ఉండదు. మా కోళ్లు వాళ్లు ఆరబోసిన పసుపు తొక్కాయని, వాళ్ల మోరీ నీళ్లు మా వాకిట్లోకి వచ్చాయని, ఏదో ఒకటి. ఆమెకు షుగర్ వచ్చిన సంగతి నేను వాళ్ల కోడలి ముందు నోరుజారి అన్నానని చాలా రోజులు నా దిక్కు చూడలేదు. మళ్లీ మా ఆయన మిషన్ మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, నేను ఏడుస్తూ నిలబడితే, ఆటో పిలిచి చెప్పులైనా వేసుకోకుండా బోధన్ దాకా వచ్చింది ఆమే. మా అత్త పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఊరంతటికీ ఆమె ఇంట్లోంచే చాయ్ వచ్చింది.

ఇక అసలు సంగతి. పండుగ పండుగకూ అక్క నాకొక స్టీలు డబ్బా ఇచ్చేది. వినాయక చవితికి ఉండ్రాళ్లు, బోనాలప్పుడు పరమాన్నం, అన్నిటికంటే ముఖ్యంగా బతుకమ్మ సద్దులకు మలీద. రొట్టెలు కాల్చి, వేడివేడిగా ఉన్నప్పుడే నలిపి, ఆ నల్లబెల్లమూ నెయ్యీ వేసి ముద్దలు కడతారు. పుట్టింట్లో తిన్ననాటి నుంచి నాకు మలీద అంటే ప్రాణం. కానీ దేవుళ్ల ముందు పెట్టింది మేము తినం. చిన్నప్పటి నుంచి అమ్మ అట్లాగే పెంచింది. దాన్ని నేను ఇప్పటికీ తప్పనుకోను. నమ్మకం ఉన్నవాళ్లకు ఒక గీత ఉంటుంది, నాకూ ఉంది.

మా దిక్కు ఇలాంటివాటికి ఒక చిన్న మాట ఉంది. నడుస్తదా, నడవదా అని అడుగుతారు. ఒకరికి శనివారం నీసు నడవదు, ఒకరికి ఉల్లిగడ్డ నడవదు, ఇంకొకరికి పెద్దకూర నడవదు. చెప్పినవాళ్లను ఎవరూ తప్పుపట్టరు. ఒకసారి క్రిస్మస్ శనివారం వచ్చింది. నేను మరచిపోయి అక్కకు బిర్యానీ పట్టుకుపోయాను. ఆమె గిన్నె మూత తీసి చూసి, “చెల్లె, ఇయ్యాల శనారం, నాకు నడవది. పప్పుంటే ఇంత పెట్టు, నీ ఇంట్లనే తింట” అని వచ్చి మా చాప మీద కూర్చుని పప్పన్నం తిన్నది. నాకు రవ్వంత బాధ కూడా కలగలేదు. అంత తేలిగ్గా అనే మాటను నేను ఆమెతో ఒక్కసారి కూడా అనలేకపోయాను.

ఎందుకు అనలేకపోయానో చెప్పబోతే అన్నీ సాకుల్లాగే ఉంటాయి. మా అత్త కాలంలో వాళ్ల ఇంటి అన్నం మా వాళ్లకు పైనుంచి జారవిడిచేవాళ్లట. అలాంటి ఇంటి కోడలు తనే డబ్బా పట్టుకుని వచ్చి, మా మంచం మీద కూర్చుని, మా గ్లాసులో నీళ్లు తాగుతుంటే, నీ పండుగ నాకు నడవదని ఎట్లా అంటాను? పొగరనుకుంటుందేమో. కొత్త కోడలిగా ఉన్నప్పుడు మొదటి డబ్బా తీసుకుని, మర్నాడు ఖాళీ డబ్బా ఇస్తూ, “మస్తున్నది అక్కా” అన్నాను. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది. ఏటా అదే మాట. కొన్నిసార్లు, “బెల్లం ఇంకొంచెం పడాలె అక్కా” అని సలహా కూడా ఇచ్చేదాన్ని. తినని దాని మీద!

పారేయడానికి చేతులు రాలేదు. మా పెరడుకూ వాళ్ల పెరడుకూ మధ్య గోడ ఒకచోట కూలి మోకాలెత్తే మిగిలింది. దాని అవతల వాళ్ల బర్రె కుడితి గోలెం. అక్క పొలానికి పోగానే డబ్బా పట్టుకుపోయి, గోలెంలో బోర్లించి, అడుగున అంటుకున్నది రాలేలా అంచుకు రెండుసార్లు కొట్టేదాన్ని. టక్, టక్. బర్రె కళ్లు మూసుకుని తినేది. వాళ్లది వాళ్ల ఇంటికే పోయింది, నా గీతా చెడలేదు, అక్క మనసూ చెడలేదు అనుకుని చేతులు కడుక్కునేదాన్ని. తెలివైనదాన్నని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

మా ఆయన ఒకసారి చూసి, “చెప్పరాదు ఆమెకు?” అన్నాడు. “నువ్వే చెప్పు పోయి” అన్నాను. ఆయన మిషన్ తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

మా అత్త సంగతి వేరు. ఆమె పండుగ రోజు అక్క వాళ్ల వాకిట్లో రాతి గద్దె మీద కూర్చుని, పళ్లు లేని నోటితో మలీద చప్పరిస్తూ తినేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆదివారం ముందు వరుసలో కూర్చుని పాటలు పాడే మనిషి, ఇంత రుచికి లొంగిపోయిందేమిటని. “నువ్వు గూడ తిను బిడ్డా, ఏం గాదు” అనేది నాతో. ఆ ‘ఏం గాదు’ నాకు మహా పాపపు మాటలా వినిపించేది. ఆమె విశ్వాసం గట్టిపడాలని పడుకునే ముందు ప్రార్థన చేసేదాన్ని. అవును, ఆమె కోసం నేను.

పోయినేడు సద్దుల మర్నాడు నాకు సెలవు. పొద్దున అక్క డబ్బా పట్టుకుని వచ్చి మా గద్దె మీద కూర్చుంది. నేను చాయ్ పెట్టి ఇచ్చాను. ఎప్పుడూ ఇచ్చి పోయేది, ఆ రోజు కదల్లేదు. “కొత్త బెల్లం చెల్లె. నేను తియ్యగ తినొద్దంటివి గద, రుచి సూడలే. ఒక్క ముద్ద నోట్లె ఏసుకుని జెప్పు, సరిపోయిందా లేదా” అన్నది.

షుగర్ ఉంది, తీపి ముట్టుకోవద్దని ఆమెను భయపెట్టింది నేనే. ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తీస్తున్నట్టు నటించాను. “ఇది రాదేంది అక్కా, గట్టిగ పట్టింది” అన్నాను. పట్టలేదు, ఏమీ లేదు. వదులు చేస్తున్నట్టుగా డబ్బాను గద్దె రాయి అంచుకు రెండుసార్లు కొట్టాను.

పెరట్లో బర్రె అరిచింది. అరిచి ఊరుకోలేదు. తాడు తెంపుకుని, కూలిన గోడ దాటి, మా ఇంటి పక్క సందులోంచి వాకిట్లోకి పరుగున వచ్చి సరిగ్గా నా ముందు నిలబడింది. మెడ చాచి, డబ్బా మీద మూతి పెట్టి, నా చెయ్యి నాకడం మొదలుపెట్టింది.

అక్క మొదట నవ్వింది. “అబ్బా, నేను రోజు గడ్డేసి సస్తుంటే నా దిక్కు సూడదు. నీ మీద దీనికెంత పావురమే!” అంటూ తెగిన తాడు అందుకుంది. లాగింది. బర్రె కదల్లేదు. దాని కళ్లు డబ్బా మీదనే ఉన్నాయి. అక్క నవ్వు ఆగింది.

“మూత ఇంక తియ్యనే లేదు గద. దీనికెట్ల ఎరుకయింది?”

“వాసన అక్కా” అన్నాను.

ఆమె నా ఒళ్లోంచి డబ్బా తీసుకుంది. రాయి అంచుకు రెండుసార్లు కొట్టింది. బర్రె నన్ను వదిలి ఆమె దిక్కు తిరిగి నోరు తెరిచింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. అక్క చదువుకున్నది కాదు గానీ ఆమెకు లెక్క చెప్పనక్కర్లేదు. నా మొహం చూస్తే మిగతాది తెలిసిపోయినట్టుంది.

“పండుగ మర్నాడు ఇది గడ్డి ముట్టకుంట మీ గోడ దిక్కు ఎందుకు సూస్తదో అనుకునేదాన్ని” అన్నది మెల్లగా. “ఎప్పటిసందే?”

చేతికంటిన బర్రె జొల్లును నేను కొంగుకు తుడుచుకున్నాను.

“మొదట్నుంచా?”

తల ఊపాను. అప్పుడు, అనాల్సినప్పుడల్లా నోట్లోనే ఉండిపోయిన ఆ మాట, అనకూడని సమయం చూసుకుని బయటికి వచ్చింది. “దేవుని ముంగట పెట్టింది మాకు నడవది అక్కా. నువ్వు బాధపడతవని చెప్పలే.”

“పెట్టలే” అన్నది అక్క.

నాకు అర్థం కాలేదు.

“నీది ఏనాడు పెట్టలేనే. పొయ్యి మీదికెల్లి దించంగనే ముందు నీకు తీసి, పక్కకు పెట్టి, అటెంక దేవుని అర్రలకు పట్కపోత. అందరి డబ్బాలకు పసుపు బొట్టు, కుంకుమ బొట్టు ఉంటది. నీ దానికి ఉన్నదా? సూడు.” మూత నా మొహం ముందు పెట్టింది. తళతళా ఉంది. ఇన్నేళ్లలో దాని మీద బొట్టు ఎప్పుడూ లేదు. కడిగి తిరిగిచ్చింది నేనే, చూడనిది కూడా నేనే. లింబాద్రి గుట్ట జాతర నుంచి వచ్చినప్పుడు కూడా అక్క ఊరందరికీ ప్రసాదం పంచి, నాకు మాత్రం గాజులూ పేలాలూ తెచ్చేది. నాకు ప్రత్యేకంగా గాజులు తెస్తుందని మురిసిపోయాను తప్ప, ఎందుకో ఆలోచించలేదు.

“మీ అత్త చెప్పింది నాకు. నువ్వు కొత్తగ వచ్చినప్పుడే. ‘మా కోడలుకు దేవునికి పెట్టింది నడవది, మొగమాటపు పిల్ల, నోరు తెరిచి చెప్పది, నువ్వే సూసుకో బిడ్డా’ అన్నది. ముసలామె గూడ గట్ల తీసిపెట్టిందే తిన్నది, సచ్చేదాక.”

ఆ తర్వాత ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నేను అలవాటుపడ్డదాన్ని, నాకూ నోరుంది. తిట్టలేదు. డబ్బా చంకన పెట్టుకుని, బర్రె తాడు పట్టుకుని వెళ్లిపోయింది. చాయ్ సగం గ్లాసులోనే ఉంది.

నాకు ముందు కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు. బర్రె మీద వచ్చింది. నాకు విడమరచి చెప్పకుండా ‘ఏం గాదు’ అని ఊరుకున్న మా అత్త మీద వచ్చింది. అక్క మీద కూడా వచ్చింది. ఇంత మంచితనం చప్పుడు లేకుండా చేస్తే ఎదుటి మనిషికి ఎట్లా తెలుస్తుందని. మధ్యాహ్నానికి కోపాలన్నీ అయిపోయి నేనొక్కదాన్నే మిగిలాను. ఆ ముసలమ్మ కోసం నేను చేసిన ప్రార్థనలు గుర్తొచ్చి, ఎవరూ లేని ఇంట్లో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

అక్క మాటలు మానలేదు. అదే నన్ను చంపింది. ఎప్పటిలాగే గోడ మీంచి పిలిచేది, పాలు పోసేది, కరివేపాకు ఇచ్చేది. కానీ ఇచ్చే ముందు అడిగేది, “నడుస్తదా?” అని. కరివేపాకు రెమ్మ పట్టుకుని, “నడుస్తదా చెల్లె?” చల్ల గిన్నె పట్టుకుని, “నడుస్తదా?” దాహమేసి వాళ్ల ఇంట్లో నీళ్లడిగితే, గ్లాసు చేతికి ఇవ్వబోయి ఆగి, “నడుస్తదా?” పాలు పోస్తూ ఒకసారి, “బర్రె మలీద తిన్నది మరి, పాలు నడుస్తయా?” అన్నది. పక్కన ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే గిన్నె పక్కకు వంచి పాలు కొన్ని కింద ఒలకబోసుకున్నాను.

మాఫ్ చెయ్యమని అడగాలని బస్సులో కూర్చుని మాటలు కూర్చుకునేదాన్ని. ఊరు వచ్చేసరికి సగం మరచిపోయేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి పోతే ఆమె పసుపు కొమ్ములు ఏరుతోంది. “అక్కా, ఆ రోజుది...” అన్నాను. “అయ్యో, దానికేముందే, పోనీ” అని మళ్లీ కొమ్ముల మీదికి వంగింది. ఆ పోనీ ఎంత దూరంనుంచి వచ్చిందో నాకు తెలుసు. క్రిస్మస్‌కు కేకు పట్టుకుపోతే తీసుకుంది, నా ముందే ఒక చిన్న ముక్క తిన్నది, బాగుందన్నది. నిజంగా తిన్నది గదా అని ఆమె నోటి దిక్కు చూస్తూ నిలబడ్డాను. చేసినదాన్ని నేనైతే, అనుమానం కూడా నాకే పట్టుకుంది.

ఈ ఏడు సద్దులు వచ్చాయి. మర్నాడు పొద్దెక్కినా అక్క డబ్బా పట్టుకుని రాలేదు. వాళ్ల వాకిట్లోంచి ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఇంట్లో కాసేపు అటూ ఇటూ తిరిగాను. రాదని తెలిసి కూడా చూస్తున్నానని నా మీద నాకే చిరాకు పుట్టి, కొంగు దోపుకుని వాళ్ల ఇంటికి పోయాను.

మంచం మీద డబ్బాలు వరుసగా ఉన్నాయి, అన్నిటి మూతల మీదా బొట్లు. వాడకట్టు ఆడవాళ్లు గద్దె మీద కూర్చుని ఉన్నారు. అక్క ఒక్కొక్కరికి అందిస్తోంది.

“నా డబ్బా ఏది అక్కా?” అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. “ఈ తాప విడిగ తియ్యలే చెల్లె. అన్ని బతుకమ్మ ముంగటనే పెట్టిన” అని ఒక బొట్టు డబ్బా నా ముందుకు చాపింది.

అలవాటు ఎంత చెడ్డదంటే, నా చెయ్యి ముందుకు పోయింది. ‘మస్తుంటది అక్కా’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆడవాళ్లంతా చూస్తున్నారు. తీసుకుంటే అంతా మామూలైపోతుంది, గోడ అవతలి గోలెం కూడా ఎక్కడికీ పోలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“నాకు నడవది అక్కా” అన్నాను.

ఎవరో మూతి విరిచారు. అక్క ఆ డబ్బా మంచం మీద పెట్టి లోపలికి పోయింది. ఇక నేను ఇంటికి పోవడమే అనుకుంటున్నాను. అప్పుడు వంటింట్లోంచి వచ్చింది, చేతిలో నా పాత డబ్బా. మూత తుడిచి ఉంది, బొట్టు లేదు.

“గింతే గదనే” అన్నది. “గీ ఒక్క మాటకు గిన్నేండ్లు పట్టెనా నీకు?”

కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బా తీసుకుని కొంగు కింద పెట్టుకుని వెనక్కి తిరిగాను.

“ఆగు” అన్నది. “ఇంటికి పట్కపోకు. గిక్కడ్నే కూసోని తిను, నా కండ్ల ముంగట.”

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

గద్దె మీద కూర్చుని తిన్నాను. నల్లబెల్లం, నెయ్యి, కాలిన రొట్టె ముక్క అక్కడక్కడా పంటికి తగిలేది. ఇన్నేళ్లూ నేను బర్రెకు పెట్టింది ఇది. ప్రతి ముద్దకూ అక్క కళ్లు నా చేతి వెంట నోటిదాకా వచ్చి, మింగేదాకా ఆగి, మళ్లీ డబ్బా మీదికి పోయేవి. బెల్లం సరిపోయిందని చెప్పాలనుకున్నాను. నా నోటి మీద నాకే నమ్మకం లేక ఊరుకున్నాను. చివరి ముద్ద అయ్యాక డబ్బాను రాయికి తగలనీయకుండా మెల్లగా కింద పెట్టాను. అయినా కొట్టంలో బర్రె అరవనే అరిచింది.

అక్క డబ్బా అందుకుని లోపలికి ఒకసారి తొంగిచూసింది, తర్వాత మూత పెట్టింది.